నాలుగు ఫోన్లు, ఒక బళ్లారి బిల్లు

అనంతపురం,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

మొన్న ఫోన్లో "60 వేలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు కాగితాలిస్తారంట, ఏమంటావ్" అని నువ్వడిగితే నేను ఊఁ ఊఁ అని పెట్టేశాను. పక్కనే మా నాయన పేపర్ చదువుతున్నాడు. ఆయన లేకపోయినా అది ఫోన్లో తేలే సంగతి కాదు. వాయిస్ మెసేజ్ పెడదామంటే నువ్వు రెండింతల స్పీడులో పెట్టి సగంలో ఆపేస్తావు. అందుకే కాగితం తీశాను. చదివి చించెయ్, మీ అక్క చేతికి చిక్కిందంటే ఊరంతా తెలుస్తుంది.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, నేనూ ఆ మెట్లెక్కినవాడినే. పోయిన ఉగాది అయ్యాక, ఎవరో నంబరిస్తే, రాత్రి బస్సెక్కి బెంగళూరు పోయాను. మెజెస్టిక్‌లో దిగి మొహం కడుక్కుని, సిటీ బస్సు పట్టుకుని ఆ అడ్రసుకి చేరేసరికి తొమ్మిదిన్నర. కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో ఒక గది. పేరు బోర్డు లేదు. లోపల ఒక బల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. మనిషి మర్యాదస్తుడే, టీ కూడా తెప్పించాడు. మన సీమ యాసే. "బీకామ్ కదా తమ్ముడూ, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా రెండేళ్లు వేస్తాం. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, అన్నీ కలిపి 45. పీఎఫ్ కూడా కనపడాలంటే ఇంకో 20" అన్నాడు. హోటల్లో సర్వర్ టిఫిన్ల పేర్లు చదివినట్టు గడగడా చదివాడు.

"అన్నా, మరి వాళ్లు ఆ కంపెనీకి ఫోన్ చేస్తే?" అన్నాను.

ఆయన నవ్వి బల్ల సొరుగు లాగాడు. అందులో నాలుగు ఫోన్లు మామా, పాత బటన్ ఫోన్లు. ఒక్కోదాని వీపుకి పుండు మీద వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద నీలం పెన్నుతో ఒక్కో కంపెనీ పేరు రాసి పెట్టుకున్నాడు. "ఏది మోగితే ఆ కంపెనీ హెచ్‌ఆర్ నేనే" అన్నాడు. ఒకదాని ప్లాస్టర్ చేతి చెమటకి మాసిపోయి, పేరులో సగం అక్షరాలు చెరిగిపోయున్నాయి. నాకు ఇస్తానన్న రెండేళ్ల కొలువు ఆ చెరిగిపోయిన కంపెనీలోనే.

నీతీ నిజాయితీ గుర్తొచ్చి లేచి వచ్చేశానని అనుకునేవు, అదేం లేదు. భయమేసింది, అంతే. అమ్మ రెండు గాజులు బ్యాంకులో పెట్టిస్తానంది, ఆ గాజులు ఆ సొరుగులో పడినట్టు అనిపించింది. ఆలోచించి చెప్తానని చెప్పి దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఈ పీఎఫ్ సంగతేంటో తెలిసినవాళ్లను అడిగాను. పీఎఫ్ ఉన్న ఉద్యోగి ప్రతి ఒక్కడికీ 12 అంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది, 2014 నుంచి ఇస్తున్నారు. కంపెనీ మారినా అది మారదు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానేశావు, అన్నీ దాని కింద వరసగా కనపడతాయి. వెరిఫికేషన్ చేసేవాళ్లు మొదట చూసేవాటిలో అదొకటి. ఆ తర్వాత జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. పే స్లిప్పంటే ప్రింటర్ ఉన్న ఎవడైనా కొట్టిస్తాడు, రెండేళ్ల కిందటి జీతం నీ ఖాతాలో ఇప్పుడు ఎవడు వేస్తాడు? పైన ఇంకో 20 వేలు పోసి పీఎఫ్ చూపించినా, ఆ నెలల్లో నువ్వు ఇక్కడ హాల్ టికెట్ పట్టుకుని సప్లీలు రాస్తున్నావు. తేదీలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి కదరా.

పాతూరు అబ్బాయి ఒకడు ఇట్లాగే చేరాడు. ఐదు నెలలు చక్కగా పని చేశాడు, పనిలో వంక పెట్టలేదు ఎవరూ. ఆరో నెలలో వెరిఫికేషన్ రిపోర్టొచ్చింది, ఆ మధ్యాహ్నమే ఐడీ కార్డు తీసుకుని పంపించేశారు. నిజంగా చేసిన ఆ ఐదు నెలలు కూడా ఇప్పుడు ఎక్కడా చెప్పుకోలేడు. దొరక్కుండా నెట్టుకొస్తున్నవాళ్లూ ఉన్నారు. లేరంటే నేను అబద్ధమాడినట్టే.

నీ కోపం నాకు అర్థమవుతుంది. ఒక ప్రకటన చూశాను, పైన "ఫ్రెషర్స్ మాత్రమే", కింద "కనీసం ఒక ఏడాది అనుభవం ఉండాలి". పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని మా జేజి అనేది, ఇదీ అంతే. కానీ నేను నాలుగు చోట్ల పోగొట్టుకున్నది అనుభవం లేక కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ కథ చెప్తా, నవ్వుకో.

సప్తగిరి సర్కిల్ దగ్గర డీటీపీలో 30 రూపాయలిచ్చి రెస్యూమ్ చేయించాను కదా. వాడి దగ్గర ఒకే నమూనా ఉంది, పేరు మార్చి అందరికీ అదే కొట్టిస్తాడు. పైన ఆబ్జెక్టివ్ అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు, ఇప్పటికీ నాకు దాని అర్థం తెలీదు. కింద హాబీలు, క్రికెట్ ఆడుట, పాటలు వినుట. నేను క్రికెట్ ఆడిందెప్పుడు? సరే, అది పట్టుకుని పెనుకొండ వైపు పోయాను. 2019 నుంచి కార్లు వస్తున్నాయి చూడు, ఆ ఎర్రమంచి ఫ్యాక్టరీ దగ్గర్లో విడిభాగాల కంపెనీ ఒకటి వాక్-ఇన్ పెట్టింది. రెండు పోస్టులకి నలభై మందిమి, అందరి చేతుల్లో అవే ప్లాస్టిక్ ఫైళ్లు. నా వంతు వచ్చింది. మేడమ్ కాగితం చూసి, నా మొహం చూసి, "మీ నాన్నగారి పేరు?" అంది. చెప్పాను. "ఇందులో వేరే పేరుంది" అంది. నాకంటే ముందు చేయించుకున్నవాడి నాన్న పేరు అట్లాగే ఉండిపోయింది రా! ఆ కాగితాన్ని అప్పటికి ఆరు చోట్ల ఇచ్చొచ్చాను. ఆరు చోట్ల నేను ఎవరి కొడుకునో ఏమో.

ఇంకోచోట, ఇక్కడే ఒక ఫైనాన్స్ ఆఫీసులో, జీతం ఎంత కావాలని అడిగారు. వినయంగా ఉంటే బాగుంటుందని "మీ ఇష్టం సార్" అన్నాను. "నా ఇష్టమైతే 6 వేలు" అన్నాడాయన. గదిలో ఉన్న ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంకోచోట యూనిఫామ్‌కి, లాప్‌టాప్‌కి డిపాజిట్టంటూ 2,500 అడిగారు, తర్వాత వెనక్కిస్తారంట. పని ఇచ్చేవాడు డబ్బులడగడమేంటని లేచి వచ్చేశాను. ఆ ఒక్కటీ తెలివిగా చేశాను.

ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం సంగతికొస్తా. బళ్లారి రోడ్డులో మోటార్లు, పైపుల హోల్‌సేల్ షాపు. గాజు తలుపు మీద "అకౌంట్స్ రాసేవారు కావలెను" అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించుంటే చూసి లోపలికి పోయాను. ఓనరు పెద్దాయన, నా రెస్యూమ్ వంక చూడను కూడా చూడలేదు. ఒక క్లిప్పుకి తగిలించిన పన్నెండు బిల్లులిచ్చి, "ఏమప్పా, ఇవి టాలీలో ఎక్కించు, నేను బువ్వ తినొస్తా" అని వెళ్లిపోయాడు.

కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయున్నాయి. ఆ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్9 కొట్టి కొనుగోళ్లు ఒక్కోటీ ఎక్కిస్తూ పోయాను. ఏడో బిల్లు బళ్లారిది. పైపులు, 40,000. కింద కేంద్రం పన్ను సీజీఎస్టీ 3,600, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ 3,600, మొత్తం 47,200. లెక్క తప్పు లేదు. కానీ అమ్మినవాడి జీఎస్టీ నంబరు 29తో మొదలైంది, అంటే కర్ణాటక. మనది 37. సరుకు లారీలో అనంతపురానికొచ్చి దిగింది. పక్క రాష్ట్రం నుంచి వస్తే రెండు ముక్కలు కాదు, ఐజీఎస్టీ అని ఒకే ముక్కగా 18 శాతం, 7,200 వెయ్యాలి. రెండు రకాలుగా వేసినా మొత్తం 47,200 వస్తుంది, అందుకే కంటికి ఆనదు. నేను దాన్ని ఎక్కించకుండా పక్కన పెట్టి, ఎగిరిపోకుండా మీద స్టాప్లర్ పెట్టాను.

ఆయన టవల్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు ఆ స్టాప్లర్ వంకే చూశాడు. "అదేంది, పక్కన పెట్టినావ్?" చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇట్లాంటి బిల్లు దెబ్బకే పోయిన నెల మా పన్నులో తగ్గాల్సిన 7,200 క్రెడిట్ రాక జేబులోంచి కట్టినా. ముందున్న పిల్లోడు మూడేండ్లు చేసినోడే, సూసుకోకుండా ఎక్కిచ్చేసినాడు. నువ్వు యాడ నేర్చుకున్నావ్?" అన్నాడు.

"ధర్మవరంలో మా చిన్నాయన చీరల కొట్టు సార్."

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు చిన్నాయన తల పట్టుకుని కూర్చుంటే, టెన్త్ చదివే నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు, నీకు గుర్తుండే ఉంటుంది, ఆ దసరా సెలవుల్లో నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా కొట్లో ఉన్నానని విసుక్కునేవాడివి. జరీ సూరత్ నుంచి వచ్చేది, ఆ బిల్లు మీద 24. పట్టు నూలు కర్ణాటక నుంచి, 29. బిల్లు చేతికి రాగానే ముందు మొదటి రెండంకెలు చూడాలి, తర్వాతే ఎంతయిందో చూడాలి, చిన్నాయన అట్లా అలవాటు చేశాడు. చూడకపోతే నెత్తిన ఒక మొట్టికాయ. ఆదివారాలు, సెలవులు కలిపి ఐదారేళ్లు ఆ పని చేశాను రా నేను.

"మరి కాగితంలో రాయలేదే?" అన్నాడు పెద్దాయన.

"జీతం తీసుకోలేదు కదా సార్. అది ఇంటి పని."

ఆయన నా రెస్యూమ్ అప్పుడు తీసి చదివాడు, పైనుంచి కిందికి. "క్రికెట్ ఆడతానని రాసినావ్, ఇది రాయలేదు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకైతే ఆ మాట ఆ రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది.

జీతం ఎంతని అడిగితే ఈసారి 13 అన్నాను. మూడు నెలలు 11, ఆ తర్వాత 13 అన్నాడు. ఏమంత పెద్ద జీతం కాదు, నీ బెంగళూరు లెక్కలో రూము అద్దెకి కూడా చాలదు. కానీ పొద్దున ఉగ్గాని బజ్జీ తిని, నడిచి పోయి, సాయంత్రం నడిచి వస్తున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నీకు అనుభవం లేదంటావా? హాస్టల్లో రెండేళ్లు మెస్ లెక్కలు రాసిందెవరు? 38 మంది, ఎవడెన్ని రోజులు ఊరికి పోయాడు, ఎవడికెంత కోత, గ్యాస్ సిలిండర్లు, పాల పద్దు, అన్నీ ఎక్సెల్‌లో ఫార్ములాలు పెట్టి చేశావు. ఒకడు నాలుగు రోజులు ఊర్లో ఉన్నానని కోత అడిగితే, ఆదివారం గుడ్ల లెక్క తీసి "మరి నీ పేరున రెండు గుడ్లు తిన్న దయ్యమెవరు" అని అడిగావు చూడు, మెస్సంతా విరగబడి నవ్వింది. నువ్వు వెతుకుతున్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగమంటే తప్పులు పట్టడమే కదా. గుడ్ల దొంగని పట్టినవాడివి, అది రాసుకోవడానికి సిగ్గేంది నీకు? ఎంతమందికి, ఎన్నాళ్లు, ఏం చేశావు, ఏం పట్టుకున్నావు, నాలుగు లైన్లు. ఇంగ్లీషు తప్పులొస్తే నేను చూస్తా, నాకూ రాదనుకో, ఇద్దరం కలిసి చూద్దాం. ఆ షీటు ఇంకా నీ దగ్గరుంటే పేర్లు తీసేసి ఒక కాపీ ఫోన్లో పెట్టుకో, అడిగితే తెరిచి చూపించొచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, అప్రెంటిస్. చట్టం 1961 నాటిది, మన నాయనలకంటే పెద్దది. ఐటీఐ వాళ్లకే అనుకుంటారు గానీ డిగ్రీ వాళ్లకీ ఉంది, గవర్నమెంటు వాళ్ల నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, రూపాయి కట్టక్కర్లేదు. కంపెనీలో పని నేర్పుతూ నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత అక్కడే ఉంచుకుంటారని మాత్రం అనుకోవద్దు, అది వాళ్లిష్టం. కానీ ఎవడు ఫోన్ చేసి అడిగినా నిజంగా అక్కడ పనిచేసిన మనిషే ఎత్తి మాట్లాడతాడు, సొరుగులో బటన్ ఫోన్ కాదు.

60 వేలు మీ అమ్మ ఎక్కడ నుంచి తెస్తానంది? అది నువ్వు ఫోన్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. శెనక్కాయ అమ్మిన డబ్బులైతే మాత్రం ఒట్టు, నేను మీ ఊరికొస్తా.

కడతానని మాటిచ్చేశావంటే, టోకెన్ ఇచ్చావంటే, అది కూడా దాచకుండా రాయి. తిట్టను. వచ్చే ఆదివారం రా, మా ఇంట్లో ఓళిగలు చేస్తున్నారు, కంప్యూటర్ చిన్నాయన నాకే ఇచ్చేశాడు, ఇద్దరం కూర్చుని ఆ కాగితం మళ్లీ చేద్దాం. డీటీపీ వద్దు.

ఇంక ఆపుతా. ఎల్లుండి 11వ తేదీ, నెల అమ్మకాల లెక్క చూపించే జీఎస్టీఆర్-1కి ఆఖరి రోజు. పెద్దాయన రేపు పొద్దున ఎనిమిదికే రమ్మన్నాడు, ఇంకా నలభై బిల్లులున్నాయి.

నీ
మామ

తా.క. ఇప్పటిదాకా ఎన్ని చోట్ల ఇచ్చావో ఆ రెస్యూమ్ ఒకసారి తీసి చూడు. మీ నాయన పేరే ఉందా?