ఏ భుజమో రాయి

చిరంజీవి చిన్నీకి, నాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోను చేసి ఇరవై రెండు రోజులైంది. ఆ లెక్క నాది కాదు, మీ అమ్మది. ఇక్కడ మేమంతా కులాసా. మొన్న సరళ పిన్ని వచ్చినప్పుడు, నువ్వు సాల్సా డాన్సు క్లాసు మానేశావనీ, చెయ్యి ఏదో పట్టేసిందనీ, పైగా "నాకు ఫాలో అవడం చేతకాదు" అని నువ్వే అన్నావనీ చెప్పింది. పిన్ని మాటల్లో సగం తీసేయాలని మన ఇంట్లో అందరికీ తెలిసిందే కనుక, మిగిలిన సగమేదో నీ నోటి నుంచే వినాలని ఊరుకున్నాను. దాన్ని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. ఊరికే నాలుగు మాటలు రాయాలనిపించింది.

సాల్సా జంటగా ఆడేది కదా; ఒకరు ఎటు కదలాలో చేతితో సూచిస్తారు, అది లీడ్; రెండోవారు ఆ సూచన అందుకుని కదులుతారు, అది ఫాలో. అది చేతకాకపోవడానికి చాలాసార్లు కారణం చేతిలో ఉండదు, పాదంలో ఉంటుంది. లెక్కకో బీటు చొప్పున ఎనిమిది లెక్కల్లో మనం వేసేవి ఆరు అడుగులే. నాలుగు దగ్గర, ఎనిమిది దగ్గర కొత్త అడుగు లేదు. నిమిషానికి 180 బీట్లు నడిచే పాటలో ఆ ఖాళీ సెకనులో మూడో వంతు ఉంటుంది, అంతే. ఫాలో అయ్యేవారి విద్య అంతా ఆ మూడో వంతులోనే ఉంది. మూడో అడుగు మీద బరువు పూర్తిగా దిగి రెండో పాదం తేలికగా ఉంటే, ఐదో లెక్కకు ఎటు పిలిచినా వెళ్లగలవు. బరువు రెండు కాళ్ల మధ్య ఊగిసలాడుతుంటే మాత్రం, లీడ్ చేసేవాడు ఎంత చక్కగా సూచించినా పాదం లేవదు; లేవని పాదం కోసం అతను చెయ్యి లాగుతాడు; లాగితే భుజం పడుతుంది. నీ భుజం సంగతి అని కాదు, మామూలుగా చెబుతున్నాను.

నేను ఫాలో అయిన కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్లు లీడ్ చేసి, నాకు అన్నీ వచ్చేశాయని నమ్ముతున్న రోజులవి. ఆ సాయంత్రం క్లాసుకు మగవాళ్లు ముగ్గురు ఎక్కువ వచ్చారు, మాస్టారు నన్ను అవతలి వరుసలో నిలబడమన్నారు. నా ఎదుట నిలబడినాయన కళ్లద్దాలు జారుతుంటే సర్దుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ చేతిలో నా కుడి చెయ్యి ఉంది. చెయ్యి లేచింది కనుక రైట్ టర్న్ అనుకుని నేను గిర్రున ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఆయన ముందుకొచ్చి గర్వంగా నిలబడ్డాను. ఆయన ఇంకా అద్దాలు సర్దుకుంటూనే ఉన్నాడు. తరువాత క్రాస్ బాడీ లీడ్‌లోనూ, అంటే ఆయన పక్కకు జరిగి దారి ఇస్తే నేను అవతలి వైపుకు దాటే కదలికలోనూ, అదే వరస. ఆయన పక్కకు జరిగి దారి ఇవ్వకముందే, మూడో లెక్కకే నేను బయలుదేరి ఆయన కాలు తొక్కాను. నాకు రాబోయేది తెలుసు; తెలియడమే నా జబ్బు అయింది. మాస్టారు నన్ను ఆపి, "మీరు ఫాలో అవడం లేదు, జోస్యం చెబుతున్నారు" అన్నారు.

అసలు సంగతి రెండో జంటతో తెలిసింది. అతను బొటనవేలితో నా చేతి వెనక గట్టిగా నొక్కిపట్టి తిప్పేవాడు. మూడు పాటలయ్యేసరికి వేళ్లు ఎర్రబడ్డాయి. మీ అమ్మ నాతో ఆడటానికి లేచే ముందు ఎప్పుడూ ఉంగరం తీసి పర్సులో వేసుకునేది, అది ఆమె అలవాటనుకుని రెండేళ్లలో ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. ఆ రాత్రి అడగబోయి, అడగలేక ఊరుకున్నాను. తరువాత నెల రోజులు నా బొటనవేలిని పక్కకు తీసి, నాలుగు వేళ్లను కొక్కెంలా మాత్రమే అందించడం నేర్చుకున్నాను. ఒకరోజు చూస్తే ఆమె ఉంగరంతోనే వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

అందుకే, నొప్పి కుడి భుజంలోనా, ఎడమ భుజంలోనా అన్నది ముఖ్యం. కుడిది అయితే టర్నులలో వచ్చి ఉంటుంది. ఎత్తిన చెయ్యి నడినెత్తి మీదుగా పోవాలి, మోచెయ్యి ఎప్పుడూ నీ కంటికి కనబడుతూ భుజానికి ముందే ఉండాలి, వేళ్లు అతని వేళ్ల మీద జారాలి. అతను కవ్వంతో చిలికినట్టు తిప్పుతుంటే నీ వేళ్లు వదిలేయి, టర్ను నీ కాళ్ల మీద నువ్వే పూర్తి చేసుకో. ఎడమది అయితే అది ఫ్రేమ్ లోపం, అంటే జంటగా చేతులు ఆనించి నిలబడే తీరులో లోపం. అతని కుడి అరచెయ్యి నీ వీపు మీద ఎడమ రెక్క ఎముక దగ్గర ఉంటుంది కదా, నీ ఎడమ చేతిని అతని చేతి మీద ఆనించాలి గాని వేలాడేయకూడదు. బిగుసుకుపోతే సూచన భుజం దగ్గరే ఆగిపోతుంది, వేలాడితే అసలు అందదు. చూశావా, పాఠం చెప్పనని కూర్చుని పాఠమే చెబుతున్నాను.

ఫాలో అవడమంటే అడిగినదంతా చేయడం కాదని నీకు వేరే చెప్పాలా? లాగేవాడితో "మెల్లగా" అని పాట మధ్యలోనే చెప్పవచ్చు. వినకపోతే ఆగిపోవచ్చు. ఒకే జంటతో ఆడుతున్నావేమోనని కూడా నాకు అనుమానం. ఒక్కరితోనే ఆడితే ఆ ఒక్కరి అలవాట్లు బట్టీ పడతాయి, అది పొరపాటున ఫాలో అవడంలా కనిపిస్తుంది. 1950ల చివర హవానాలో పుట్టిన కసీనో నాట్యంలో, రువేదా అని, జంటలన్నీ వలయంగా నిలబడి, ఒకరు పిలుపు ఇవ్వగానే జంట మార్చుకుంటాయి. పిలుపు వచ్చేదాకా తరువాత ఏమిటో ఎవరికీ తెలియదు. నాలాంటి జోస్యులకు అంతకు మించిన మందు లేదు. మీ క్లాసులో ముఖ్యమైన అడుగు వేయడం నేర్పేది లాస్ ఏంజెలెస్ తరహాలో ఒకటో లెక్క మీదా, న్యూయార్క్ తరహాలో రెండో లెక్క మీదా అన్నది కూడా రాయలేదు నువ్వు. ఒకటి మీద అలవాటైన కాలు రెండు మీద ఆడేవారి మధ్య పడితే, కొన్ని వారాలపాటు ఏదీ రానట్టే అనిపిస్తుంది. దానికి క్లాసు మానుకోవడం ఎందుకు? మానేశావని నేను అనడం లేదు, పిన్ని అంది.

నొప్పి ఉంటే మాత్రం వైద్యుడికి చూపించు, తగ్గకుండా టర్నులు వద్దు. అడుగులు ఒక్కదానివే వేసుకోవచ్చు, వాటికి చెయ్యి అక్కరలేదు. రబ్బరు అడుగున్న బూట్లతో తిరగకు, నేలను పట్టేసి మోకాలు మెలిపడుతుంది. స్వేడ్, అంటే నూగు తోలు, అడుగున్నవి తీసుకో. మడమ పట్టీ బిగించుకున్నావో లేదో రెండుసార్లు చూసుకో.

పెద్ద ఉత్తరం రాయనక్కరలేదు. కుడి భుజమో, ఎడమ భుజమో ఒక్క ముక్క రాయి చాలు. నేను అడిగానని పిన్నికి చెప్పకు.

మీ నాన్న