లైటోలర్ పడవ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం. టైటానిక్ మీద మీ ఆదివారం వ్యాసం బాగుంది కానీ, బతికి బయటపడ్డ సెకండ్ ఆఫీసర్ లైటోలర్ కథని అక్కడితో ఆపేశారు. ఆయన అసలు కథ 'సన్‌డౌనర్' అనే చిన్న పడవలో ఉంది. 1912లో బ్రిటిష్ నేవీ కోసం కట్టిన ఆవిరి లాంచీని 1929లో కొని, తర్వాత మోటారు పడవగా మార్చుకుని, భార్యతో కలిసి తీరాల వెంట షికార్లు తిరిగేవాడు. పొడవు 58 అడుగులే. ఆ పడవ మాకివ్వమని 1940లో నేవీ అడిగితే, ఇవ్వను, నేనే నడుపుతానని కొడుకునీ ఒక సీ స్కౌట్ (పడవ పనులు నేర్చుకునే స్కౌట్) కుర్రాడినీ వెంటేసుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తీరంలో చిక్కుకుపోయిన సైనికుల్ని తేవడానికి అక్కడి డంకర్క్ వెళ్ళాడు, అప్పటికి వయసు అరవై దాటింది! 21 మందికి మించి ఎప్పుడూ ఎక్కని పడవలో దాదాపు 130 మంది సైనికుల్ని కుక్కి తెచ్చాడు. ఇంగ్లండ్ రేవు రామ్స్‌గేట్‌లో దిగేటప్పుడు అందరూ ఒకే పక్కకి జరిగితే పడవ ఒరిగిపోయింది, పైన ఉన్నవాళ్ళని కదలకుండా పడుకోమని అరిచాడట. గోదావరి లాంచీల్లో రేవు రాగానే తోసుకునే మనవాళ్ళే గుర్తొచ్చారు నాకు. కొన్నేళ్ళ కిందట ఆ హార్బర్‌లో ఈ పడవని చూశాను, మన లాంచీ కన్నా పెద్దదేం కాదు. ఈసారి దాని ఫోటో వేయండి.

– ఒక పాఠకుడు, కెంట్, ఇంగ్లండ్