చిన్నీ, రివ్యూ సంగతి రాయి

చిరంజీవి చిన్నీకి అమ్మ ఆశీస్సులు.

నాన్న బీపీ అదుపులోనే ఉంది. మామిడి బాగా పూసింది. నువ్వు ఫోన్ ఎత్తకపోతే డ్యూటీల్లో ఉన్నావులే అనుకున్నాం. మొన్న పెళ్లిలో సుబ్బు కలిసి, మీ హాస్టల్లో థీసిస్ రివ్యూలు, అదే పాత పరిశోధనలన్నీ చదివి రాసే భాగం, డబ్బులిచ్చి రాయించుకుంటున్నారట అన్నాడు. నీ పేరు ఎత్తలేదులే.

నీ థీసిస్ గర్భిణుల్లో రక్తహీనత మీద కదా, దాని మీద పరిశోధన పేపర్లకి కొదవేంటి? వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్ తెరిచి, మెష్‌లో, అంటే పేపర్లకి తగిలించే వైద్య పదాల పట్టికలో, ‘అనీమియా’ (రక్తహీనత) చూడు. దాని కింద ఐరన్ లోపం, సికిల్ సెల్ అన్నీ కొమ్మల్లా విడిపోయి కనిపిస్తాయి. పై పదంతో వెతికితే కిందవీ కలిసే వస్తాయి. దానికి ‘ప్రెగ్నెన్సీ’ కలుపు. మరీ కొత్త పేపర్లకి మెష్ ఇంకా పడి ఉండదు, అందుకని మామూలు మాటలతోనూ వెతకాలి. చాలా పేపర్లు పూర్తిగా పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీది గవర్నమెంటు కాలేజీ కదా, 2025 నుంచి గవర్నమెంటు కాలేజీలకి జర్నళ్లు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా ఉంది, లైబ్రరీలో అడుగు. భోజనం మానేసి మాత్రం వెతక్కు.

నేను లైబ్రరీలో చేరిన కొత్తలో ఏ వైద్య పేపరు ఏ జర్నల్లో వచ్చిందో చెప్పే ఇండెక్స్ మెడికస్ లావుపాటి సంపుటాలే దిక్కు. పాముకాటు మీద థీసిస్ చేసే పీజీ ఒకబ్బాయి డ్యూటీ అయ్యాక వచ్చి కూర్చునేవాడు. ఒక్కో సంపుటం దింపుకుని, ఆ సన్నక్షరాల మీద వేలు పెట్టి చదివి, కార్డుల మీద ఎక్కించుకునేవాడు. మా దగ్గర లేని జర్నల్ అయితే రీప్రింట్, అంటే ఆ పేపరు అచ్చు కాపీ, పంపమని రచయితకే కార్డు రాసేవాడు. ఓసారి విదేశం నుంచి కవరు వచ్చింది. విప్పి చూస్తే, అందరూ ఎత్తి రాసే అంకె ఆస్పత్రికి వచ్చినవాళ్లదట, ఊళ్లో కాటు పడ్డవాళ్లందరిదీ కాదు! అప్పటికే రాసిన పేజీలు పక్కన పడేసి మళ్లీ రాశాడు. వైవాలో సరిగ్గా అదే అడిగితే తడుముకోకుండా చెప్పాడు.

డబ్బులిచ్చి రాయిస్తే ఆ అంకె ఎక్కడిదో నీకెలా తెలుస్తుంది, తల్లీ? ఏఐ ఇచ్చే రిఫరెన్సులూ నమ్మకు. రచయిత పేరు, ఏడాది అన్నీ చక్కగా ఉంటాయి, వెతికితే ఒక్కోసారి పేపరే ఉండదు. ప్రతిదాన్నీ పబ్‌మెడ్‌లో కొట్టి చూడు. రిట్రాక్ట్ అయిందేమో, అంటే జర్నలే వెనక్కి తీసుకుందేమో, కూడా చూసుకో. టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్ లాన్సెట్ జర్నల్లో 1998లో వస్తే, వాళ్లు వెనక్కి తీసుకుంది 2010లో. పేషెంట్లకి మందు రాయాల్సిన చెయ్యి నీది.

సున్నుండలు కొరియర్ చేశాను, రూమ్మేట్‌కీ పెట్టు. ఏయే పదాలతో వెతికావో కాగితం మీద రాసి ఫొటో పంపు, చూస్తాను. ఆదివారంలోగా ఫోన్ చెయ్యి. ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే అదీ చెప్పు, నాన్న దగ్గర ఎత్తను.

అమ్మ