ఎక్స్‌కవేటర్‌తో బరువు ఎత్తితే దాన్ని క్రేన్‌గానే లెక్కించాలి

సంపాదకుడి గారికి,

అయ్యా,

గత వానాకాలం వెళ్లాక మల్కాజ్‌గిరిలోని మా వీధిలో పాత మురుగునీటి లైను తీసేసి కొత్త పైపులు వేశారు. వెయ్యి మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు గల సిమెంటు పైపు ఒక్కొక్కటీ దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది. వాటిని దింపడానికి క్రేన్ రాలేదు. గోతి తవ్విన చైన్ ప్రొక్లెయినే (చైన్ పట్టాల మీద నడిచే ఎక్స్‌కవేటర్) ఆ పని కూడా చేసింది. బకెట్ మధ్య పంటికి వైర్ రోప్ ఉచ్చు తగిలించి, రెండో కొసను పైపు లోపలి నుంచి చుట్టి, ఆపరేటర్ యంత్రం చేయిని, అంటే బూమ్‌ను, లేపాడు. ఆ రోప్ పోగులు తెగి మీసాల్లా లేచి ఉన్నాయి. గోతిలో పాలమూరు నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడి, దిగుతున్న పైపు అంచును చేత్తో పట్టుకుని అంతకుముందు వేసిన పైపుకు సరిచేస్తున్నాడు. బకెట్ కాస్త కిందికి వంగగానే ఉచ్చు పంటి మీంచి జారిపోయింది. పైపు పడింది జానెడు ఎత్తు నుంచే అయినా, అతని కుడిచేతి రెండు వేళ్లు రెండు పైపుల మధ్య నలిగిపోయాయి. అతణ్ణి ఆటోలో ఆసుపత్రికి పంపించి, గంట తిరగకముందే మిగిలిన పైపులను అదే రోప్‌తో దించారు.

జనం చెదిరాక ఆపరేటర్‌ను లైసెన్సు ఉందా అని అడిగాను. ‘ఉంది సార్, కార్‌ది ఉంది. గీ బండి మా మామ దగ్గర హెల్పర్‌గా ఉండి నేర్చుకున్న’ అన్నాడు. ఆ మాటలో దాపరికం లేదు. బరువు ఎత్తడానికి వేరే అర్హత ఒకటి కావాలని అతనికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా సైట్ ఇంజనీరుగా పనిచేసిన నేను ఇలాంటి దృశ్యాలు చాలా చూశాను, కొన్నిసార్లు చూసి కూడా ఆపలేదు. ఆ బాధ్యతతోనే ఈ లేఖ రాస్తున్నాను. నేను చెప్పదలచినది ఒక్కటే: తవ్వడం వేరు, బరువు ఎత్తడం వేరు. ఎక్స్‌కవేటర్‌ను బరువు ఎత్తడానికి వాడిన క్షణం నుంచి క్రేన్‌కు వర్తించే పరీక్షలు, గుర్తులు, అర్హతలు అన్నీ దానికీ వర్తించాలి.

ఇరవై టన్నుల యంత్రం రాతి నేలనే పెకలిస్తున్నప్పుడు రెండున్నర టన్నుల పైపు దానికో లెక్కా అని చాలామంది అనుకుంటారు. తవ్వేటప్పుడు పళ్లు నేలలో దిగి ఉంటాయి కాబట్టి యంత్రానికి నేల ఆసరా ఉంటుంది. ఎత్తేటప్పుడు మాత్రం బరువంతా చేయి చివర గాలిలో వేలాడుతుంది. నీళ్లు నిండిన బిందెను నడుముకు ఆనించుకుని మోయగలిగిన మనిషే దాన్ని చేయి చాచి పట్టుకోమంటే రెండు నిమిషాలు నిలబడలేడు. ఎక్స్‌కవేటర్ సంగతీ అంతే. దగ్గరగా పట్టుకున్నప్పుడు అవలీలగా మోసే బరువు, బూమ్ పూర్తిగా చాపితే యంత్రాన్నే పడదోయగలదు. చైన్ పట్టాలకు నేరుగా ముందువైపు ఎత్తగలిగినంత బరువును, క్యాబిన్ తిప్పి పక్కవైపు ఎత్తలేదు. అందుకే తయారీదారులు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, ఏ దిశలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే పట్టిక ఒకటి ఇస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10567 ప్రకారం ఆ పట్టికలోని అంకె, యంత్రం ఒరిగిపోయే బరువులో 75 శాతాన్ని గానీ హైడ్రాలిక్ వ్యవస్థ ఎత్తగల బరువులో 87 శాతాన్ని గానీ దాటకూడదు. అదీ గట్టి, చదునైన నేల మీద నిలబడినప్పటి లెక్క. మన వీధుల్లో యంత్రం నిలబడేది పది సార్లు తవ్వి పూడ్చిన రోడ్డు మీద, గోతి అంచుకు మూరెడు దూరంలో. ఒక వైపు పట్టా కాస్త కుంగినా పట్టికలోని అంకెకు అర్థం ఉండదు. పైగా చాలా పట్టికలు బకెట్ లేకుండా వేసినవి. బకెట్ తగిలించే ఎత్తితే దాని బరువును, అంటే ముప్పావు టన్ను దాకా, అనుమతించిన బరువు నుంచి తీసివేయాలి. మా వీధి యంత్రం క్యాబిన్‌లో ఆ పట్టిక స్టిక్కర్ ఉండాల్సిన చోట జిగురు మరక మాత్రమే మిగిలింది.

బకెట్ పన్ను బరువు వేలాడదీయడానికి చేసింది కాదని కూడా చెప్పాలి. బకెట్ కోణం మారితే పంటి వాలు మారి ఉచ్చు జారుతుంది. బకెట్ లింకుకు తయారీదారు అమర్చిన లిఫ్టింగ్ కన్ను, తాడు జారకుండా నాలుక ఉన్న హుక్, షాకిల్ (బిగించే ఇనుప కొలికి), బరువు గుర్తు వేసిన స్లింగ్ (బరువును కట్టే తాడు), ఈ నాలుగూ ఉంటే ఆ కుర్రాడి వేళ్లు నలిగేవి కావు. హైడ్రాలిక్ గొట్టం పగిలితే బూమ్ ఒక్కసారిగా కింద పడకుండా ఆపే వాల్వు మరొకటి. దాన్ని సిలిండర్ మీదే బిగిస్తారు. బరువు ఎత్తే ప్రతి ఎక్స్‌కవేటర్‌కూ ఇది తప్పనిసరి కావాలి.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. టైర్లపై నడిచే జేసీబీ రోడ్డెక్కాలంటే 1988 మోటారు వాహనాల చట్టం కింద రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు పరీక్ష చూసేది రోడ్డు మీద బండి నడపగలరా అన్నదే. చైన్ ప్రొక్లెయిన్ ట్రైలర్ మీద సైటుకు వస్తుంది కనుక దాని ఆపరేటర్ సాధారణంగా ఆ గడప కూడా తొక్కడు. మరోవైపు, 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నిబంధనలు ఎత్తే పరికరం అన్న మాటకు క్రేన్, వించ్ వంటి వాటితోపాటు వస్తువులను ఎత్తడానికి వాడే ఇతర పరికరాలను కూడా చేర్చాయి. వాటిని మొదటిసారి వాడే ముందు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి సమర్థుడైన వ్యక్తి చేత పరీక్ష చేయించాలని, ఏడాదికోసారి క్షుణ్ణంగా తనిఖీ చేయించాలని, సురక్షితంగా ఎత్తగల బరువును దాని మీద రాయించాలని అవే నిబంధనలు చెప్పాయి. ఈ మాటలను నిజాయితీగా చదివితే పైపు ఎత్తే ప్రొక్లెయిన్ వాటి పరిధిలోనే ఉంటుంది. ఆచరణలో మాత్రం కాంట్రాక్టర్లు క్రేన్‌కు, నిర్మాణ సైట్లలో హైడ్రా అని పిలిచే చిన్న క్రేన్‌కు సర్టిఫికెట్లు పెడతారు (2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ పేరూ హైడ్రాయే, నేను చెబుతున్నది యంత్రం గురించి). ఎక్స్‌కవేటర్ మట్టి పని యంత్రమని పక్కన పెడతారు, తనిఖీకి వచ్చినవారూ సరే అంటారు.

ఇది మన రాష్ట్రంలో సాధ్యం కాని క్రమశిక్షణేమీ కాదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఇలాంటి భారీ యంత్రం ఎక్కే మనిషికి గనుల నిబంధనల కింద శిక్షణ, మేనేజర్ రాతపూర్వక అధికారం రెండూ ఉండాలి. అదే మనిషి గోదావరిఖని నుంచి హైదరాబాద్ వచ్చి, జనం నడిచే సందులో అలాంటి యంత్రమే ఎక్కితే అడిగే నాథుడు ఉండడు. జపాన్‌లో ఎక్స్‌కవేటర్‌తో బరువు ఎత్తాలంటే సాధారణంగా క్రేన్ పనికి కూడా తయారైన మోడల్ వాడతారు. దానిలో స్విచ్ వేయగానే వేగం తగ్గుతుంది, బరువు మించితే అలారం మోగుతుంది. దానితో బరువు ఎత్తేవారు సాధారణంగా చిన్న మొబైల్ క్రేన్ శిక్షణ పూర్తి చేసి ఉండాలి, బరువుకు రోప్ కట్టేవారికి వేరే శిక్షణ ఉంటుంది. రోప్ కట్టడం కూడా ఒక నైపుణ్యమని వాళ్లు గుర్తించారు. మనం ఆ పనిని ఆ రోజు ఖాళీగా ఉన్న కూలీకి అప్పగిస్తున్నాం.

కాంట్రాక్టర్ల వైపు మాటలో నిజం ఉంది. పైపు దింపే పనికి టెండర్లో క్రేన్ అద్దె విడిగా ఉండకపోతే, గంట లెక్కన సైటులోనే ఉన్న ప్రొక్లెయిన్‌ను వదిలి క్రేన్‌ను ఎవరూ పిలవరు. మా సందుల్లో చాలా చోట్ల క్రేన్ కాళ్లు చాపుకునే వెడల్పు కూడా లేదు. కాబట్టి ఎక్స్‌కవేటర్‌తో ఎత్తడాన్ని పూర్తిగా నిషేధించమని నేను అడగను. జలమండలి, నగర పాలక సంస్థలు తమ టెండర్లలో బరువు ఎత్తే పనికి ప్రత్యేక అంశం, ప్రత్యేక రేటు పెట్టాలి. లిఫ్టింగ్ కన్ను, వాల్వు, పట్టిక, పరీక్ష సర్టిఫికెట్ ఉన్న యంత్రానికే ఆ బిల్లు చెల్లించాలి. డబ్బు ఆగితే ఈ నియమం ఒక్క సీజన్‌లో అలవాటవుతుందని నా అనుభవం చెబుతున్నది.

ఆపరేటర్ల విషయంలో కఠినత్వం కన్నా ఓపిక అవసరం. ఇన్నేళ్లూ పని చేస్తూ నేర్చుకున్నవారిని ఒక్క ఉత్తర్వుతో రోడ్డున పడేయడం న్యాయం కాదు. నగరంలోనే నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. దేశస్థాయిలో నిర్మాణ యంత్రాల నైపుణ్య మండలి ఎక్స్‌కవేటర్ ఆపరేటర్లకు ప్రమాణాలు రూపొందించింది. అనుభవం ఉన్నవారిని కొద్ది రోజులు కూర్చోబెట్టి పట్టిక చదవడం, రోప్ పరీక్షించడం, సిగ్నల్ మనిషి చేతి సైగలు నేర్పి, సైటులోనే పరీక్ష పెట్టి కార్డు ఇవ్వవచ్చు. ఆ కార్డు మీద తవ్వకానికి ఒక గుర్తు, బరువు ఎత్తడానికి మరొక గుర్తు ఉండాలి. నిర్మాణ వ్యయంలో ఒక శాతం చొప్పున వసూలయ్యే సంక్షేమ సెస్సు ఉండగా ఈ ఖర్చును ఆపరేటర్ జేబు మీద వేయనక్కరలేదు. పాఠాలు తెలుగులోనూ హిందీలోనూ ఉండాలి. ఈ యంత్రాలపై బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు కూడా చాలామంది పని చేస్తున్నారు.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పది మందికి తక్కువ పనిచేసే సైట్లు పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ చాలావరకు పరిధికి బయటే ఉన్నాయి. మా వీధిలో పైపులు వేసిన బృందంలో ఉన్నది ఏడుగురే. కార్మిక శాఖ ఈ కోడ్ కింద రాష్ట్ర నిబంధనల్లో, బరువు ఎత్తే ఎక్స్‌కవేటర్‌ను ఎత్తే పరికరంగా పేరు పెట్టి చేర్చాలి. ప్రభుత్వ పనుల్లో కూలీల సంఖ్యతో నిమిత్తం లేకుండా అది వర్తించేలా టెండర్ షరతు ఉండాలి.

ఇదే లైను మా పక్క వీధిలో ఇంకా వేయవలసి ఉంది. పైపులు ఇప్పటికే రోడ్డు పక్కన దొర్లించి పెట్టారు. నిబంధనలు రావడానికి నెలలు పట్టవచ్చు గానీ, బకెట్ పంటికి రోప్ తగిలించరాదని, బరువు గాలిలో ఉన్నంతసేపు గోతిలో మనిషి ఉండరాదని ఆ పని చూసే ఇంజనీరు ఈ వారమే సైట్ రిజిస్టరులో రాసి సంతకం చేయవచ్చు. సంబంధిత అధికారులు ముందు ఆ పని చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ ఇంజనీరు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్