చివరి మలుపులో శిక్ష ఎవరికి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పెళ్లి సంబంధం దగ్గర మొదలై వంశగౌరవం దగ్గర తెగే కథలు తరచుగా వస్తుంటాయి. తక్కువచేసి గుమ్మం బయట నిలబెట్టిన పిల్లే చివరికి గొప్పింటి బిడ్డ అని తేలుతుంది, లేదా కలెక్టరై తిరిగివస్తుంది. మామగారి కళ్లు చెమరుస్తాయి. నా అభ్యంతరం ఈ ముగింపు మీదే.

బెంగళూరు మారతహళ్లిలో కొందరు తెలుగువాళ్లం నెలకోసారి కూర్చుని కథలు చదువుకుంటాం. కిందటి నెల అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ కథ 'డిజిరేస్ బేబీ' చదివాం. 1893లో అచ్చయిన ఆ కథ మన 'దిద్దుబాటు' కంటే 17 ఏళ్లు పెద్దది. లూసియానాలో బానిసలున్న కాలం. తోట యజమాని అర్మాండ్, తన ఇంటిపేరే ఇవ్వగలిగినప్పుడు ఆమెకు వేరే పేరెందుకని, ఎవరి బిడ్డో తెలియని పెంపుడు పిల్లను పెళ్లాడతాడు. పుట్టిన బిడ్డలో నల్లజాతి పోలికలు కనిపించగానే ఆమెను దూరం పెడతాడు. నా చెయ్యి మీ చేతికంటే తెల్లగా లేదా అని ఆమె చూపిస్తే, లా బ్లాంష్ అనే బానిస స్త్రీ చెయ్యంత తెల్లగా ఉందని ఈసడిస్తాడు. (ఆ పేరుకు అర్థమే 'తెల్లనిది'.) పెంచిన తల్లి ఇంటికి రమ్మని రాసినా, ఆమె బిడ్డనెత్తుకుని వాగు ఒడ్డున రెల్లు పొదల్లోకి నడిచిపోయి మరి తిరిగిరాదు. ఆమె పట్టు గౌన్లు, బిడ్డ ఉయ్యాల మంటల్లో వేయిస్తున్నప్పుడు దొరికిన పాత ఉత్తరంలో తేలేదేమిటంటే, ఆ నల్లజాతి రక్తం అర్మాండ్ కన్నతల్లిదని.

"తిక్క కుదిరింది" అన్నారు మాలో ఒకావిడ. అందరం తలలూపాం, నేను కూడా. ఇంటికి వచ్చాక కదా ముల్లు గుచ్చుకున్నది: ఆ రక్తం బయటపడడమే అతనికి శిక్ష అని సంతోషించామంటే, అది అవమానమని మేమూ ఒప్పుకున్నట్టే. షోపాన్ మాత్రం ఉత్తరం చదివాక అతని ముఖం ఎలా మారిందో ఒక్క ముక్క రాయలేదు, ఉత్తరంతోనే కథ ఆపేసింది. సంబరమంతా మాదే.

అదే ఆవిడ టీ తాగుతూ, కమ్మనహళ్లిలోని తన ఫ్లాటును ఆఫ్రికా విద్యార్థులు అద్దెకు అడిగితే, ఎవరో చేరిపోయారని బ్రోకరుతో చెప్పించానన్నారు. 2016 జనవరి చివర్లో, ఎవరో సూడాన్ దేశస్థుడి కారు చేసిన ప్రమాదానికి ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థిని మీద ఈ నగరంలోనే మూక దాడి చేసినప్పుడు మాలో అందరికంటే ఎక్కువ బాధపడ్డదీ ఆవిడే. తరువాత ఫోనులో అబ్బాయికి వచ్చిన సంబంధాలు చూపిస్తూ, "పిల్ల చామనచాయే గానీ ప్యాకేజీ బాగుంది" అన్నారు. మన కథల్లో కలెక్టరయ్యే కోడలికీ ఈ ప్యాకేజీకీ నాకు తేడా కనిపించలేదు.

కాబట్టి మనవి. నల్లటి పిల్ల నల్లగానే ఉండి, మామూలు గుమాస్తాగానే ఉండి, ఎవరి గొప్పింటి బిడ్డా కాకుండానే ఆ గుమ్మంలో అడుగుపెట్టే కథ మీకు వస్తే దయచేసి వేయండి. మా కూటమిలో నేనే చదివి వినిపిస్తాను. ఆవిడ ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు