ఫోన్ ఆటకూ రిఫరీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్‌లో ఆడే ఆటల గురించి పెద్దవాళ్లం ఎప్పుడు మాట్లాడినా, పిల్లలు చెడిపోతున్నారనే మాట దగ్గరే ఆగిపోతాం. ఎంతసేపు ఆడాలి, అసలు ఆడాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ ఆటల్లో జరుగుతున్న మోసం గురించి, మోసం జరిగిందని చెప్పిన పిల్లల నోరు మనమే మూయిస్తున్న తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నర్సంపేట దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మొన్న దసరా సెలవుల్లో మా ఊరి యూత్ వాళ్లు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల ఆట టోర్నమెంట్ పెట్టారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్రీ ఫైర్‌ను నిషేధించాక పిల్లలందరూ ఈ మ్యాక్స్ మీదే ఉన్నారు. నలుగురు కలిస్తే ఒక స్క్వాడ్, స్క్వాడ్‌కు 200 రూపాయల ఎంట్రీ ఫీజు. రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఎవరింట్లో వాళ్లు కూర్చొని ఆడుకోవడమే. మా కబడ్డీ జట్టు పిల్లలు నలుగురు చేరి, సెమీస్‌లో ఓడిపోయారు.

సెలవులయ్యాక ఆ నలుగురూ గ్రౌండ్‌లో నా దగ్గరికి ఒక వీడియో పట్టుకొచ్చారు. ఈ ఆటలో మనం చనిపోయాక, మనల్ని చంపినవాడి ఆట మనకు కనబడుతుంది. దాన్నే రికార్డు చేశారు. ఒక ఇంటి గోడ వెనక మూడో జట్టు పిల్లవాడు నక్కి ఉన్నాడు. వీళ్లను ఓడించినవాడు రోడ్డు అవతల ఉన్నాడు. వాడికి గోడ తప్ప ఏమీ కనబడకూడదు. కానీ వాడి గురి గోడ మీద మెల్లగా ఎడమకు జరిగింది, ఆగింది, మళ్లీ కుడికి వచ్చింది. గోడ చివర దాకా వచ్చి అక్కడే కాసుకొని ఉంది. లోపలివాడు సరిగ్గా ఆ చివర నుంచే తల బయటపెట్టాడు, ఒక్క దెబ్బకు పడిపోయాడు. "గోడ అవతల ఉన్నోడు ఎట్ల కనిపిస్తడు సార్?" అని అడిగాడు మా రైడర్.

నిర్వాహకులను అడిగితే "ఓడిపోయినోళ్లు అట్లనే అంటరు" అన్నారట. ఇంట్లో చెబితే, ఫోన్ ఆటకు కూడా పంచాయితీయేనా అని తిట్లు. మా స్టాఫ్ రూమ్‌లోనూ అదే మాట, ఆడుడు బంద్ చేయమనండి అని. హ్యాక్, అంటే ఆటలో మోసం చేయించే దొంగ ప్రోగ్రామ్, పెట్టుకున్నవాడిని ఒక్కరూ ఏమీ అనలేదు. ఫౌల్ జరిగిందని చెప్పిన పిల్లలే దోషులయ్యారు. నాకు బాధ కలిగింది ఇక్కడే.

కబడ్డీలో కూతకు వచ్చినవాడు తగిలిందంటాడు, పట్టేవాడు తగల్లేదంటాడు. ఆటే కదా పోనీ అని ఏ రిఫరీ అయినా అంటాడా? విజిల్ వేసి ఆట ఆపుతాం, లైన్ దగ్గరున్న అంపైర్‌ను అడుగుతాం, తీర్పు చెప్పి మళ్లీ మొదలుపెడతాం. పోటీకి ముందే వయసు పత్రాలు చూస్తాం, బరువు తూస్తాం. తప్పు జరిగితే అడగాలని బళ్లో నేర్పేది మనమే. అదే పిల్లవాడు ఫోన్ ఆటలో అడిగితే మాత్రం మనకు చులకన.

ఈ హ్యాక్‌లలో పెద్ద మాయేమీ లేదు. ఆట ఎక్కడా ఆగకుండా సాగడానికి, చుట్టుపక్కల ఆటగాళ్లు ఎక్కడున్నారో సర్వర్ ముందే మన ఫోన్‌కు పంపిస్తుంది. గోడ అడ్డం ఉంటే ఆట వాళ్లను మనకు చూపించదు, అంతే. సమాచారం మాత్రం ఫోన్ మెమరీలో ఉంటుంది. హ్యాక్ దాన్ని చదివి తెర మీద గీతలు గీసి చూపిస్తుంది. గురి దానంతట అదే తలకు తగిలేలా చేసేది ఇంకో రకం, దాన్ని ఎయిమ్‌బాట్ అంటారు. కంప్యూటర్లో ఆడే వాలొరాంట్ అనే తుపాకుల ఆటలో, కనబడే వీలులేని ఆటగాడి జాడ అవతలివాడికి పంపకుండానే ఆపే ఏర్పాటు ఉంది. ఫోన్ ఆటల కంపెనీలు కూడా ఐడీలు బ్యాన్ చేస్తున్నాయి, బీజీఎంఐ అనే ఇలాంటి ఇంకో ఫోన్ ఆట వాళ్లు ఫోన్లనే బ్యాన్ చేసే పద్ధతి 2021 చివర్లో తెచ్చారు. కానీ సాయంత్రానికి కప్పు ఇచ్చేసే ఊరి పోటీకి, ఎప్పుడో తర్వాత పడే బ్యాన్‌తో ఏం లాభం? ఆ పూట నిర్వాహకుడే రిఫరీ.

2018లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ తుపాకుల ఆట పోటీల్లో మన దేశ జట్టు ఆటగాడొకడు ఇలాగే దొరికిపోయాడు. అధికారులు అతని కంప్యూటర్ చూస్తే, వర్డ్ అని పేరు పెట్టి దాచిన హ్యాక్ బయటపడింది. అతనికి 5 ఏళ్ల నిషేధం పడింది, జట్టే రద్దయింది. అందరూ ఒకే చోట, అధికారుల కళ్లముందు ఆడారు కాబట్టే అతను దొరికాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బాగా ఆడిన ప్రతివాడినీ హ్యాకర్ అనేయడం పిల్లల్లో జబ్బులా పాకింది. మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడికి ఆ ముద్ర పడి, వాడిని ఎవరూ స్క్వాడ్‌లోకి పిలవడం మానేశారు. ఒక శనివారం వాడిని వరండాలో కూర్చోబెట్టి, చేతుల పైన ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీయించాను. హ్యాండ్‌క్యామ్ అంటారు, పెద్ద టోర్నమెంట్లలో కూడా రుజువుగా అడుగుతారు. తుపాకీ పైకి ఎగిరిన ప్రతిసారీ వాడి కుడి బొటనవేలు తెర మీద కిందికి లాగుతోంది, ఎడమ వేలు ఒక్క క్షణం ఖాళీగా లేదు. అది సాధన. చూసిన పిల్లలే వాడిని తమ జట్టులోకి అడిగారు. ఫిర్యాదును వినాలంటున్నాను, విన్నాక రుజువు కూడా చూడాలి.

అసలు దొంగలు హ్యాక్‌లు అమ్మేవాళ్లు. టెలిగ్రామ్‌లో, రీల్స్ కింద బాహాటంగానే బేరం పెడుతున్నారు. వారానికి ఇంత, నెలకు ఇంత, 'యాంటీ బ్యాన్' గ్యారంటీ అట. ఫైల్ ఎక్కించుకోవాలంటే ముందు ఫోన్‌లో ప్రమాదకర యాప్‌లను పట్టుకునే ప్లే ప్రొటెక్ట్ ఆపమంటారు, అడిగిన పర్మిషన్లన్నీ ఇవ్వమంటారు. ఆ పర్మిషన్లతో మెసేజ్‌లు, ఓటీపీలు కూడా చదవొచ్చు. మా పిల్లల చేతిలో ఉండేది చాలావరకు నాన్న ఫోనే. ఏనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్మిన డబ్బులు పడే ఖాతా అదే ఫోన్‌లో ఉంటుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని తల్లిదండ్రులందరికీ తెలియాలి.

దక్షిణ కొరియా 2016లోనే చట్టం మార్చి, హ్యాక్‌లు తయారుచేసి పంచేవాళ్లకు జైలు, లేదా జరిమానా పెట్టింది. అక్కడ శిక్ష అమ్మేవాడికి, ఆడే పిల్లవాడికి కాదు. నాకు నచ్చింది అదే. మన దగ్గర 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటలను, గుర్తించింది, మంచిదే. హ్యాక్‌లు అమ్మేవాళ్ల మీద మాత్రం అందులో ప్రత్యేక సెక్షన్ లేదు. అది చేర్చాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. బళ్లకు వచ్చి సైబర్ నేరాల గురించి చెప్పే పోలీసులు లోన్ యాప్‌లతో పాటు ఈ హ్యాక్ ఫైళ్ల గురించి కూడా చెప్పాలి.

మా యూత్ వాళ్లు సంక్రాంతికి మళ్లీ పోటీ పెడతామంటున్నారు. ఎంట్రీ ఫీజు వద్దని, కప్పు ఖర్చు ఊళ్లో పెద్దమనుషులను అడుగుదామని చెప్పాను. సెమీస్ నుంచి అందరూ కమ్యూనిటీ హాల్లోనే కూర్చొని ఆడాలి, ఆటకు ముందు ఫోన్లలో బయటి ఫైళ్లున్నాయేమో చూడాలి, మ్యాచ్ రికార్డు చేయాలి, ఫిర్యాదు వస్తే అది తేలేదాకా ఫలితం చెప్పకూడదు. రిఫరీగా నేను కూర్చుంటానని మాటిచ్చాను. వరంగల్, హనుమకొండ, ములుగు జిల్లాల్లో ఇలాంటి పోటీలు పెట్టే యువజన సంఘాలు మీ ఊరి వ్యాయామ ఉపాధ్యాయుడిని పిలవండి. పిలిస్తే మావాళ్లు కాదనరు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా