కనుమ నాటి ఫొటోలు

ఒరేయ్ చంటీ,

ఎలా ఉన్నావురా? పిల్లలు కులాసాయేనా? ఫోన్లో చెప్పడం మొదలెట్టాను గానీ తనివి తీరలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మా పెదనాన్న వాళ్ళ అటక మీంచి మన కోనసీమ జగ్గన్నతోటలో కనుమనాడు జరిగే ప్రభల తీర్థం ఫొటోల ఆల్బం దిగింది. చెమ్మకి కొన్ని అతుక్కుపోయాయి, మిగిలినవే మనకి పండగ. గంగలకుర్రు ఊరి ప్రభ ఎగువ కౌశిక కాలవ దాటుతున్న ఫొటో చూడాలిరా నువ్వు! మోసేవాళ్ళకి మెడలోతు నీళ్ళు. వెదుళ్ళతో కట్టి, రంగు బట్టలూ ఊలు దారాలూ చుట్టి, శివుణ్ణి నిలిపిన అంతెత్తు ప్రభ మాత్రం నిటారుగా ఉంది. గట్ల మీద మోకులు పట్టుకున్న కుర్రాళ్ళందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. ‘అశ్శరభ శరభ’ అని స్వామిని తలుచుకుంటున్నారని మనకి తెలుసు. మా అబ్బాయి మాత్రం ‘ఎందుకు నాన్నా అరుస్తున్నారు?’ అన్నాడు.

ఇంకో ఫొటోలో ప్రభ పచ్చటి వరిచేలో అడ్డంగా వెళ్తోంది. కాళ్ళ కింద పడి చేను నలుగుతోంటే ఆ రైతు దణ్ణం పెడుతున్నాడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని మనవాళ్ళ నమ్మకం కదా! వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతా ఊళ్ళ రుద్రుల ప్రభలన్నీ గౌరవంగా ఒక్కసారి లేస్తాయి చూడు, సరిగ్గా అప్పుడు తీసిందొకటి ఉంది. అంతా అలుక్కుపోయింది. అయినా నాకు అదే ఇష్టం, ఆ కుదుపు అందులో ఉంది.

1997 కనుమ ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1996 నవంబరు 6 తుఫాను వెళ్ళి అప్పటికి రెండు నెలలు దాటిందంతే. ప్రభ వెనకాల కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి మోళ్ళలా నిలబడ్డాయి. ఇళ్ళ మీద కప్పులు లేనివాళ్ళు కూడా ఆ ఏడు ప్రభ కట్టారురా. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన ప్రభల తీర్థం శకటం వెళ్తుంటే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఒక్క సంగతి మాత్రం మనసుకి పట్టింది. ఆల్బమంతా మగాళ్ళే. తెల్లారకుండా లేచి, ఇంటినిండా దిగిన చుట్టాలకి గారెలు వండిన ఆడవాళ్ళు ఏరి? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది: ప్రభ మోసేవాళ్ళ కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు వారపోస్తున్నారు. చేతులూ బిందెలే పడ్డాయి, మొహాలు పడలేదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, ‘ఈ చెయ్యి నాదే, ఆ గాజులు తీర్థంలోనే కొన్నా’ అంది. పక్క చేతిని కూడా గుర్తుపట్టింది. మీ అమ్మదిట.

అప్పట్నించీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కళ్ళ పేరూ అడిగి ఫొటో వెనక పెన్సిల్‌తో రాస్తున్నా. పెన్నుతో రాస్తే ముందుకి ఊరుతుంది. మీ నాన్నగారి ట్రంకుపెట్టెలో కూడా ఫొటోలు ఉండాలి, నెగెటివులుంటే అస్సలు పారెయ్యకు. ఈసారి కనుమకి నాలుగు రోజులు ముందే రా. అమ్మ పోల్చుకోలేనివాళ్ళు కొందరు మిగిలారు, ముక్కామలలో మీ మేనత్తగారికి తెలుస్తారేమో, ఇద్దరం వెళ్ళి అడుగుదాం.

నీ
బుజ్జి